టయోగా కనుమ మీదుగా ఎలక్ట్రిక్ కారు, వెనుక ఒక చిన్న ట్రైలర్

శుక్రవారం: ఫ్రీమాంట్ నుంచి గ్రోవ్‌లాండ్

ఎలక్ట్రిక్ కారు ట్రైలర్‌ను లాగగలదా అని అడిగేవాళ్ల మనసులో ఉండేది బలం గురించిన సందేహం. బలానికి కొదవ లేదు. మా టెస్లా మోడల్ వై 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,600 కిలోల దాకా లాగవచ్చు. మేము అద్దెకు తీసుకున్న నీటిచుక్క ఆకారపు చిన్న ట్రైలర్ సామాను నింపాక కూడా 700 కిలోలే. మోటారు నిలిచి ఉన్న క్షణం నుంచే పూర్తి బలంతో తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు వెనుక ఏదో ఉందన్న సంగతే తెలియదు. అసలు ప్రశ్న దూరానిది. నిండు బ్యాటరీతో ఎంత దూరం వెళ్తాం? దాన్ని తగ్గించేది బరువా, ఎత్తా, గాలా? కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండలు దాటి, ఓవెన్స్ లోయ వెంట దిగి, మొహావి ఎడారి మీదుగా ఇల్లు చేరే దారి ఈ మూడింటినీ చూపిస్తుందని దాన్నే ఎంచుకున్నాను.

మాతో నాన్న ఉన్నారు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. చాలా ఏళ్లు తిరుపతి డిపోలో ఘాట్ డ్యూటీ చేశారు. అమ్మ డాలస్‌లో అక్క దగ్గర ఉండిపోయింది. ట్రైలర్ తగిలించేటప్పుడు నాన్న పక్కనే నిలబడి ప్రతి పనీ చూశారు. కొక్కెం మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో పదో వంతుకు తగ్గకూడదు. తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది. అందుకే నీళ్ల డబ్బాలు, బియ్యం సంచి ఇరుసుకు ముందువైపు సర్దాం. గొలుసులు రెండూ కొక్కెం కింద అడ్డంగా దాటించి తగిలించాలి. పొరపాటున కొక్కెం ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకు తగలకుండా ఆ గొలుసులే ఉయ్యాలలా పట్టుకుంటాయి. 1,500 పౌండ్లు దాటిన క్యాంపింగ్ ట్రైలర్‌కు కాలిఫోర్నియాలో సొంత బ్రేకులు తప్పనిసరి. మాది ఆ గీతకు కాస్త పైనే ఉంది. కారులోంచి పనిచేసే బ్రేక్ కంట్రోలరు బిగించాక నాన్న ఖాళీ రోడ్డు మీద ముందుకూ వెనక్కూ నడిపించి, బ్రేకు పట్టు చూశాకే బయల్దేరనిచ్చారు.

ట్రైలర్ లాగే బండి ఈ రాష్ట్రంలో ఎక్కడైనా గంటకు 55 మైళ్లు దాటకూడదు. ఎలక్ట్రిక్ కారుకు ఇది శిక్ష కాదు, మేలు. గాలి అడ్డగించే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 55లో వెళ్తే మైలుకు 0.42 యూనిట్ల కరెంటు ఖర్చయ్యేది, 70కి పోతే ఎక్కడికో వెళ్లిపోతుంది. ట్రైలర్ లేనప్పుడు మా కారు మైలుకు తినేది 0.27 యూనిట్లు. బ్యాటరీలో వాడుకోగలిగేది సుమారు 75 యూనిట్లు. అంటే చదును నేల మీద, గాలి లేని రోజున, ట్రైలర్‌తో మా పరిధి 175 మైళ్లు. ఈ లెక్క ఇంట్లోనే వేసుకుని బయల్దేరాలి. కారు తెర మీద పరిధిగా కనబడే అంకె మొదటి గంట వరకు ట్రైలర్ లేని పాత అలవాటుతోనే మాట్లాడుతుంది.

లివర్‌మోర్ దాటాక ఆల్టమాంట్ కనుమ వస్తుంది. అమెరికాలో గాలిమరలను పెద్ద ఎత్తున నిలిపిన తొలి చోట్లలో ఇదొకటి. 1980ల మొదట్లో మొదలైంది. వేసవి సాయంత్రాల్లో చల్లని సముద్రపు గాలి, ఎండకు కాగిన సెంట్రల్ వ్యాలీ వైపు ఈ సందులోంచి దూసుకుపోతుంది. మేమూ అటే వెళ్తున్నాం. మైలుకు 0.36 యూనిట్లే ఖర్చయింది. నాన్న ఆ మరలను చాలాసేపు చూశారు. గాలి ఎటు వీస్తుందో అవి చెబుతున్నాయని ఆయనే మొదట గమనించారు.

మొకసిన్ దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. పాత ప్రీస్ట్ గ్రేడ్ దగ్గరి దారి, కానీ నిటారుగా ఎక్కుతుంది. కొత్తది ఎదుటి కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ నింపాదిగా ఎక్కుతుంది. ట్రైలర్లున్నవాళ్లు కొత్త దారినే పట్టాలి. లోయకు అటువైపు పాత రోడ్డు మీద కార్లు పైకి పాకడం కనబడుతూ ఉంటుంది. "తిరుమలలో కూడా అంతే. దిగడానికి పాత ఘాటు, ఎక్కడానికి కొత్త ఘాటు" అన్నారు నాన్న. చీకటి పడేసరికి గ్రోవ్‌లాండ్ చేరాం. అక్కడ ఛార్జింగ్ పెట్టుకుని, దగ్గర్లోని క్యాంపు స్థలంలో పడుకున్నాం. నాన్నకు ట్రైలర్‌లో మంచం. సీట్లు మడిచిన కారులో నేనూ మా ఆవిడా.

శనివారం: గ్రోవ్‌లాండ్ నుంచి లీ వైనింగ్

ఈ యాత్రకు ప్రాణం ఈ రోజే. గ్రోవ్‌లాండ్ ఎత్తు సుమారు 2,850 అడుగులు. టయోగా కనుమ 9,943 అడుగులు. కాలిఫోర్నియాలో ఇంతకన్నా ఎత్తయిన హైవే కనుమ లేదు. మంచు కరిగాక, మామూలుగా మే చివరికో జూన్‌లోనో తెరుస్తారు. శీతాకాలమంతా మూసి ఉంటుంది. మేము వెళ్లిన జూన్ చివరి వారంలో రోడ్డు పక్క నీడల్లో ఇంకా మంచు కుప్పలున్నాయి.

కొండ లెక్క బడి పిల్లలు కూడా వేయగలరు. కారు, ట్రైలర్, ముగ్గురు మనుషులు, సామాను కలిపితే దాదాపు మూడు టన్నులు. మూడు టన్నుల బరువును 400 అడుగులు ఎత్తడానికి ఒక యూనిట్ కరెంటు కావాలి. గ్రోవ్‌లాండ్ నుంచి కనుమ దాకా 7,100 అడుగులు. కాబట్టి ఎత్తుకు మాత్రమే 18 యూనిట్లు. నష్టాలు కలుపుకుంటే 20. ఇక 79 మైళ్ల దూరానికి అయ్యే ఖర్చు వేరు. అయితే దారిలోని యోసెమిటీ జాతీయ పార్కు లోపల వేగం 35, 45 మైళ్లకు మించదు కాబట్టి గాలి తినేది తక్కువ. పైగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. పదివేల అడుగుల దగ్గర అది సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తేలిక. మనకు ఆయాసం తెప్పించే ఆ పలుచని గాలే కారుకు దారి ఇస్తుంది. డీజిల్ ఇంజను ఇలాంటి చోట గాలి చాలక నీరసిస్తుంది. మోటారుకు గాలితో పని లేదు.

ఇవన్నీ లెక్కలో చేర్చి, 96 శాతం బ్యాటరీతో బయల్దేరాం. క్రేన్ ఫ్లాట్ దగ్గర టయోగా రోడ్డులోకి మళ్లాక మా ఆవిడ తెర మీది అంకెను ప్రతి పది మైళ్లకూ నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. ఓమ్‌స్టెడ్ పాయింట్ దగ్గర ఆగాం. నున్నగా గీరినట్టున్న తెల్లటి గ్రానైటు రాతి మీద నిలబడితే దూరంగా హాఫ్ డోమ్ కొండ వెనుక వీపు కనిపిస్తుంది. హిమానీనదాలు ఈ రాతిని నునుపు చేశాయని చెప్పినప్పుడు నాన్న చెప్పులు విడిచి, వట్టి పాదాలతో దాని మీద నడిచి చూశారు. టెనాయా సరస్సులో నీళ్లు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. టూలమీ మెడోస్ పచ్చిక మధ్య ఏరు వంకర్లు తిరుగుతోంది. వెనుక ట్రైలర్ ఉండటం వల్ల ప్రతి చోటా ఆగలేం. పొడవైన పార్కింగు ఉన్న చోట్లే చూసుకోవాలి. అందువల్ల ఆగిన చోట ఎక్కువసేపు గడిపాం. నాకది నష్టంగా తోచలేదు.

కనుమ దగ్గర బ్యాటరీ 37 శాతం చూపింది. అక్కడి నుంచి లీ వైనింగ్‌కు 12 మైళ్లలో 3,100 అడుగుల దిగుడు. రోడ్డుకు ఒకవైపు నిలువు లోయ. నాన్న ముందు సీటులోకి మారారు.

"ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు తొక్కుతూ దిగితే లైనింగు కాలుతుంది, తర్వాత ఎంత తొక్కినా బండి ఆగదు. మాకు ట్రెయినింగులో మొదటి రోజు చెప్పేది ఇదే" అన్నారు.

"ఇందులో గేర్లు లేవు కదా నాన్నా. కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరుగా మారి పట్టి ఉంచుతుంది" అన్నాను.

"సరే, మరి వెనుకది? మోటారు ఆపేది కారునే కదా. ఆ ట్రైలర్ నిన్ను తోస్తుందిరా."

నిజమే. మోటారు వెనక్కి పట్టే బలం కారు చక్రాలకే అందుతుంది. ట్రైలర్ బరువంతా కొక్కెం మీదకు వచ్చి తోస్తుంది. 700 కిలోలంటే మోటారు తట్టుకుంటుంది కానీ, మలుపులో తోస్తే కారు వెనుక భాగం పక్కకు జరగాలని చూస్తుంది. అందుకే మలుపుకు ముందు, ఇంకా రోడ్డు తిన్నగా ఉండగానే, ట్రైలర్ బ్రేకును కాసేపు విడిగా పట్టి వదలాలి. ఘాట్ డ్రైవర్లు మలుపుకు ముందే వేగం చంపుకుని, మలుపులో బండిని దొర్లనిస్తారు. సరిగ్గా అదే పద్ధతి. నాన్న చెప్తూ ఉంటే నేను చేస్తూ పోయాను. లీ వైనింగ్‌లో ఆగేసరికి బ్యాటరీ 41 శాతం. దిగుతూ దిగుతూ నాలుగు శాతం, అంటే మూడు యూనిట్లు సంపాదించాం. నాన్న ఆ అంకెను నమ్మడానికి మా ఆవిడ నోటు పుస్తకం అడిగి తీసుకున్నారు. ఆయన సర్వీసులో ఘాటు దిగేటప్పుడు ఇంజను పట్టి ఉంచిన శక్తంతా వేడిగా పోయింది. 2022లో తిరుమల ఘాటులో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. అవి దిగేటప్పుడు ఏం జరుగుతుందో ఆయన కళ్లతో చూసింది ఇక్కడే.

ఆదివారం: మోనో సరస్సు

కారు కదల్లేదు. రాత్రి చలికి కారులో హీటరు వేసుకుని పడుకుంటే పది శాతం దాకా ఖర్చయింది. నాన్న ట్రైలర్‌లో దుప్పట్లతోనే వెచ్చగా ఉన్నారు. చిన్న గది కావడంతో మనిషి ఒంటి వేడే చాలుతుంది.

ట్రైలర్ వెనుక తలుపు పైకెత్తితే వంటగది. 6,800 అడుగుల ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి కుక్కరు లేకుండా కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చాం. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం ఇది. తినేవన్నీ క్యాంపులోని ఇనప పెట్టెల్లో పెట్టి తాళం వేయాలి. ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుట్టి అందులోనే పెట్టింది మా ఆవిడ.

లీ వైనింగ్ పక్కనే ఉన్న మోనో సరస్సు ఒడ్డున తూఫా స్తంభాలు, సున్నపు గోపురాల్లా నిలబడి ఉంటాయి. నీటి అడుగున ఊటల్లోంచి వచ్చే కాల్షియం, సరస్సులోని కార్బొనేట్‌తో కలిసి కట్టిన రాళ్లివి. ఇవి బయటపడటానికి కారణం నీళ్లు తగ్గిపోవడమే. ఈ సరస్సులో కలవాల్సిన ఏరులను 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరానికి మళ్లించారు. 1982 నాటికి మట్టం దాదాపు 45 అడుగులు పడిపోయింది. పోరాటం తర్వాత 1994లో రాష్ట్ర జల బోర్డు 6,392 అడుగుల మట్టం దాకా నిండనివ్వాలని తీర్పు ఇచ్చింది. ఆ గీతను సరస్సు ఇంకా అందుకోలేదు. కృష్ణా నీళ్ల తగాదాలు వింటూ పెరిగినవాడికి ఇది పరాయి కథ అనిపించదు. నాన్న ఒడ్డున కూర్చుని ఉప్పుటీగల గుంపులను, వాటి వెంట నోరు తెరుచుకుని పరుగెత్తే పక్షులను చాలాసేపు చూశారు.

సోమవారం: లీ వైనింగ్ నుంచి బిషప్

ఇక్కడ ఛార్జింగ్ స్టేషన్ల గురించి చెప్పాలి. దాదాపు అన్నీ వెనక్కి పెట్టి నిలిపే కార్ల కోసం కట్టినవే. ట్రైలర్ ఉంటే వెనక్కి పెట్టలేం. కాబట్టి ప్రతిసారీ ముందుగా ఒక ఖాళీ స్థలం వెతికి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందు జాకీ దింపి, ప్లగ్గు, గొలుసులు, కొక్కెం విప్పి, కారును ఒంటరిగా తీసుకెళ్లాలి. పూర్తయ్యాక మళ్లీ తగిలించాలి. ముగ్గురం కాబట్టి పావుగంటలో అయిపోయేది. ఒంటరిగా ప్రయాణించేవాళ్ల పరిస్థితి ఏమిటి? నడుము నొప్పి ఉన్నవాళ్ల మాట ఏమిటి? ట్రైలర్‌ను విప్పకుండా మూడు ఛార్జర్లకు అడ్డంగా నిలిపేవాళ్లను నేను చూశాను. అది పద్ధతి కాదు. కానీ పెట్రోలు బంకులో ఒకవైపు నుంచి దూరి మరోవైపు నుంచి పోయే వీలు వందేళ్లుగా ఉన్నప్పుడు, కొత్తగా కట్టే ఛార్జింగ్ స్టేషన్లలో ఒక్క వరుసైనా అలా కట్టడం పెద్ద పని కాదు. ఈ మాట నేను గట్టిగానే అంటాను.

బిషప్‌కు 65 మైళ్లు. డెడ్‌మన్ సమ్మిట్ 8,041 అడుగులు ఎక్కి, షెర్విన్ గ్రేడ్ మీద పొడుగ్గా దిగాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నిండు బ్యాటరీతో కొండ దిగితే మోటారు పట్టు తగ్గిపోతుంది, ఎందుకంటే పుట్టిన కరెంటును పెట్టుకోవడానికి చోటు ఉండదు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అందుకే లీ వైనింగ్‌లో 80 శాతం దగ్గరే ఆపాం.

బిషప్‌లో ఆర్వీల, అంటే ఇల్లులాంటి బండ్ల, పార్కులో దిగాం. పెద్ద ఆర్వీల కోసం ఇక్కడ ప్రతి స్థలంలోనూ 50 ఆంపుల ప్లగ్గు ఉంటుంది. 240 వోల్టులు. మా కేబుల్ అందులోంచి 32 ఆంపులు తీసుకుంటుంది, అంటే గంటకు 7.7 యూనిట్లు. రాత్రి పడుకుని లేచేసరికి బ్యాటరీ నిండుతుంది. పాత పార్కుల్లో 30 ఆంపుల ప్లగ్గే ఉంటే అది 120 వోల్టులు, గంటకు మూడు యూనిట్లు కూడా రావు. స్థలం బుక్ చేసేటప్పుడే ఏ ప్లగ్గు ఉందో అడగాలి, కారుకు పెట్టుకుంటామని యజమానికి ముందే చెప్పాలి. మేము అదనపు రుసుము కట్టాం. కట్టడమే న్యాయం.

పక్క స్థలంలో రివియన్ ఆర్1టీ పికప్‌తో ఒక వృద్ధ దంపతులు ఉన్నారు. అది 11,000 పౌండ్లు లాగగలదు. వాళ్ల ట్రైలర్ బరువు అందులో సగం లేదు. కానీ ఎత్తుగా, గోడలా ఉంది. అది తగిలిస్తే వాళ్ల పరిధి సగం కన్నా తక్కువకు పడిపోతోందట. ఎత్తయిన చదునైన ముఖం గాలిని తోసుకుంటూ పోవాలి. మా చుక్క ఆకారపు ట్రైలర్ చాలా మేరకు కారు నీడలోనే వస్తుంది. రెండింటినీ పక్కపక్కన చూశాక నాన్న వాటి ఎత్తులు మూరలతో కొలిచి పుస్తకంలో రాసుకున్నారు.

మంగళవారం: మాంజనార్, లోన్ పైన్

395 రోడ్డు ఓవెన్స్ లోయ అడుగున తిన్నగా పోతుంది. కుడివైపు సియెర్రా గోడ. దాని నీళ్లు లోయలో నిలవవు. 1913లో పూర్తయిన లాస్ ఏంజెలెస్ అక్విడక్ట్ అనే కాలువ 233 మైళ్ల దూరం ఎక్కడా పంపు లేకుండా, కేవలం పల్లానికి పారుతూ, నీళ్లను నగరానికి తీసుకెళ్తుంది. దారిలో టర్బైన్లు తిప్పి కరెంటు కూడా ఇస్తుంది. శనివారం మేము కొండ దిగుతూ చేసిందీ అదే పని. తేడా ఏమిటంటే, ఆ నీళ్ల ఖరీదు ఈ లోయ కట్టింది. 1920ల నాటికే ఓవెన్స్ సరస్సు ఎండిపోయి దుమ్ము మిగిలింది.

మాంజనార్‌లో రెండు గంటలు గడిపాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా, అమెరికా ప్రభుత్వం జపనీస్ మూలాలున్న పదివేల మందికి పైగా మనుషులను ఇక్కడ ముళ్లకంచె లోపల నిర్బంధించింది. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలో పుట్టి పెరిగిన పౌరులే. తిరిగి కట్టిన బ్యారక్కులోకి వెళ్తే చెక్కల సందుల్లోంచి గాలి, సన్నని ఇసుక లోపలికి వస్తున్నాయి. మా ఆవిడ బయటికి వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. వలస వచ్చిన దేశంలో తమ పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించేవాళ్లంతా ఒకసారి చూడవలసిన చోటు ఇది.

సాయంత్రం లోన్ పైన్. 14,505 అడుగుల విట్నీ శిఖరం ఊరి వీధిలోంచే కనబడుతుంది.

బుధవారం: మొహావి నుంచి టెహాచపీ

ఇన్‌యోకెర్న్‌లో ఒకసారి, మొహావిలో ఒకసారి ఛార్జింగ్ పెట్టాం. మొహావి నుంచి టెహాచపీ కనుమ 20 మైళ్లే. ఎత్తు పెరిగేది 1,300 అడుగులే, అంటే మూడు యూనిట్ల పని. టయోగా ముందు ఇది గుట్ట. కానీ పడమటి నుంచి ఎదురు గాలి. కొండ నిండా గాలిమరలు, అన్నీ మాకు వీపు చూపిస్తూ, మాలాగే గాలికి ఎదురుగా ఉన్నాయి.

ఎదురు గాలి లెక్క ఇలా ఉంటుంది. మేము 50లో పోతుంటే ఎదురుగా 25 మైళ్ల గాలి వీస్తే, ట్రైలర్ ముఖానికి తగిలేది 75 మైళ్ల గాలి. మైలుకు 0.8 యూనిట్లు ఖర్చయింది. దాదాపు పదివేల అడుగుల ఎత్తుకు ఎక్కిన రోజు కూడా సగటు ఇంత లేదు. 45కు తగ్గించి, లారీల వెనుక దూరం పాటిస్తూ కుడి వరుసలో ఉండిపోయాం. పక్క గాలికి ట్రైలర్ ఊగుతుందని స్టీరింగును రెండు చేతులతో పట్టుకున్నాను. కనుమ దాటి బేకర్స్‌ఫీల్డ్ వైపు దిగినప్పుడు ఎక్కిన ఎత్తు తాలూకు కరెంటు చాలావరకు తిరిగి వచ్చింది. గాలికి ఇచ్చింది మాత్రం రాలేదు. నాన్న పుస్తకంలో ఈ రోజు అంకెల కింద రెండు గీతలు గీశారు.

గురువారం: ఇంటికి

ఐ-5 హైవే మీద ఒక ఛార్జింగ్ స్టేషనులో ట్రైలర్‌తో నేరుగా దూరి నిలిపే స్థలం దొరికింది. ఏమీ విప్పలేదు. కేబుల్ పెట్టి, పులిహోర తిని, బయల్దేరాం. ఇలాంటివి పది ఉంటే ఈ ప్రయాణాలు ఎంతమంది చేస్తారో!

అక్టోబరులో నాన్న తిరిగి వెళ్లేలోపు ఉత్తరాన రెడ్‌వుడ్ అడవులు చూడాలని అనుకున్నాం. కాలిఫోర్నియా తీరంలో గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. కాబట్టి వెళ్లేటప్పుడు చెట్లూ కొండలూ అడ్డుండే లోపలి దారిన 101 మీద పైకి వెళ్లి, వచ్చేటప్పుడు తీరం వెంట గాలిని వీపున పెట్టుకుని దిగుతాం. దారి గీసింది నాన్నే.